పొట్ట నాది, మాట ఆయనకా?

పోయిన వారం డ్రైవరమ్మను నొప్పుల డాక్టరు గది బయట బెంచీ మీద, పళ్ళు బిగించుకుని కూర్చున్న చోట వదిలేశాం. సిటీ బస్సు నడిపే మనిషి. గర్భసంచిలో గడ్డలున్నాయని పొట్ట కోసి తీసేశారు. కోత మానింది, కుట్లు ఊడాయి, మచ్చ తెల్లబడింది. నొప్పి మాత్రం పోలేదు. ఏడాదిన్నరగా ఆ మచ్చకు కుడి కొసన, చొక్కా గుండీ అంత చోట, నిప్పురవ్వ పెట్టినట్టు మండుతూనే ఉంది. సీటు బెల్టు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. తుమ్మొస్తే ప్రాణం పోతుంది. స్కాన్లు తీశారు, గొట్టాలు వేసి చూశారు, కడుపు డాక్టరు, కిడ్నీ డాక్టరు, నడుము డాక్టరు అందరూ అయ్యారు. అందరిదీ ఒకటే మాట: అంతా నార్మల్. డిపోలో ఆమెను స్టీరింగు మీంచి దించి విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఇంట్లో ఆడపడుచు "నాటకం" అంది. ఆఖరికి కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మొగుడు కూడా, గొంతు తగ్గించి, "ఒకసారి మనసు డాక్టరుకి చూపిద్దామా" అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండిపోయి, ఎవరికీ చెప్పకుండా, డిపోలో ఎవరో చెప్పిన ఈ ఆసుపత్రికి ఒంటరిగా వచ్చింది.

లోపలికి పిలిచారు.

అడుగు పెట్టేటప్పటికే ఆమె తగువుకి సిద్ధంగా ఉంది. "అంతా నార్మల్" అనే మాట ఈ నోట్లోంచి కూడా ఊడిపడితే ఏమనాలో బెంచీ మీదే అనుకుని పెట్టుకుంది. తీరా చూస్తే డాక్టరమ్మ చిన్నమనిషి. జుట్టు ఎలా పడితే అలా ముడేసుకుంది. బల్ల మీద సగం కొరికిన బిస్కెట్టు ఉంది. డ్రైవరమ్మ స్కాన్ల సంచీ ముందు పడేస్తే, తెరవకుండానే పక్కకు జరిపింది.

"అవి చూడరా?"

"చూస్తానండీ. ముందు మిమ్మల్ని చూడాలి కదా. ఆ బల్లెక్కి పడుకోండి. నొప్పెక్కడో చూపించండి. అరచెయ్యంతా కాదు, ఒక్క వేలితో."

డ్రైవరమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. ఇన్నాళ్ళలో ఆమెను ఎవరూ ఒక్క వేలితో చూపించమనలేదు. పొట్టంతా ఒకసారి తడిమి, కాగితం మీద ఏదో గీకి, తరవాత మనిషిని పిలిచినవాళ్ళే అందరూ. ఆమె చూపుడు వేలు తడుముకోకుండా సరాసరి వెళ్ళి ఆ చోటు మీద వాలింది. డాక్టరమ్మ పెన్ను తీసి దాని చుట్టూ సున్నా చుట్టింది. దూది తీసుకుని ముందు ఎడమ పక్కన రాసింది, తరవాత సున్నాలో రాసింది.

"ఇది దూదేనా?" అంది డ్రైవరమ్మ మొహం చిట్లించి.

"దూదే. ఎలా ఉంది?"

"గరుకు కాగితం పెట్టి రుద్దినట్టుంది."

డాక్టరమ్మ తలూపింది. ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడు నేనిక్కడ నొక్కుతాను. మీరు చేతులు గుండెల మీద పెట్టుకుని తల, భుజాలు పైకెత్తండి. కొంచెం నొప్పొస్తుంది."

ఎత్తింది. ఆ గది దద్దరిల్లేలా కేక పెట్టింది. "చంపేస్తారా ఏంటి మనిషిని!"

డాక్టరమ్మ చటుక్కున చెయ్యి తీసేసింది. "క్షమించండి. నాకు తెలియాల్సింది అదే."

"ఏంటి తెలియాల్సింది? నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో అనా?"

"వినండి. నొప్పి పేగుల్లోనో ఇంకెక్కడో లోపల ఉందనుకోండి, తలెత్తినప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుని నా వేలికి అడ్డం పడతాయి. నొప్పి తగ్గాలి. మీకు పెరిగింది. అంటే నొప్పి లోపల లేదు. గోడలో ఉంది. పొట్ట గోడలో, ఆ కోత కొసన, ఒక నరం ఇరుక్కుపోయినట్టుంది. మచ్చలోనో, కుట్టులోనో. స్కాన్లు లోపలి గదులు చూస్తాయి. గోడలో ఉన్న ఈ సన్న నరం వాటికి కనపడదు. అందుకే వాళ్ళందరికీ నార్మల్. మీరు చెప్పే నొప్పి నిజం."

"నిజమని నాకు తెలుసు. మీరు చెబితే తెలిసిందా?"

డాక్టరమ్మ ఒక్కసారి తలెత్తి చూసి, నవ్వేసింది. "అదీ నిజమే."

ఆ నవ్వుకి డ్రైవరమ్మ కోపం కాస్త పక్కకు జరిగి కూర్చుంది. పోలేదు, చోటిచ్చిందంతే.

సూది వేశారు. సరిగ్గా సున్నా మధ్యలో, సన్నటి సూది, మత్తుమందు. మందు లోపలికి దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు కదలకుండా ఉండమంది. గోడకున్న ఫ్యాను కిరకిరలాడుతోంది. బయట ఎవరిదో పసిపిల్ల ఏడుస్తోంది. డ్రైవరమ్మ కప్పు వంక చూస్తూ పడుకుంది.

"ఇప్పుడు దగ్గండి," అంది డాక్టరమ్మ.

దగ్గడమంటే ఆమెకు భయం. దగ్గొచ్చిందంటే ముందు చెయ్యి వెళ్ళి కుడి పక్క పట్టుకోవాలి, మోకాళ్ళు ముడుచుకోవాలి. అలవాటుగా చెయ్యి వెళ్ళింది కూడా. దగ్గింది. ఏమీ కాలేదు. మళ్ళీ దగ్గింది, గట్టిగా. పక్కకు తిరిగి మోచేతి మీద లేవకుండా, ఆపరేషనుకు ముందు లేచినట్టు, తిన్నగా లేచి కూర్చుంది. నేల మీద కాళ్ళు పెట్టి నిలబడింది. రేయింబవళ్ళు ఇంటి పక్కన మిల్లు ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోతే చెవులు ఎలా దిమ్మెక్కుతాయో, ఆమె పొట్ట అలా దిమ్మెక్కింది.

ఏడుస్తుందేమో అని డాక్టరమ్మ టిష్యూ పెట్టె ముందుకు నెట్టింది. డ్రైవరమ్మ దాని వంక కూడా చూడలేదు. ఆమె మొహం కందిపోయింది.

"ఇంతేనా?" అంది. "ఒక్క సూది. దీనికేనా నేను ఏడాదిన్నర కుక్కలా మూలిగింది?"

"ఇంతే కాదమ్మా. కూర్చోండి. మత్తు కొన్ని గంటలుంటుంది, తరవాత నొప్పి తిరిగొస్తుంది. మొదటిసారి కొంచెం ఎక్కువగా కూడా రావచ్చు, కంగారు పడకండి. వచ్చే వారం మళ్ళీ వేద్దాం. కొందరికి వేసిన ప్రతిసారీ ఉపశమనం ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. రాత్రి పూట నరాలకి ఒక మాత్ర. రోజూ ఆ చోటు మీద ముందు మెత్తటి గుడ్డ, తరవాత కొంచెం ముతక గుడ్డ, అలా రాస్తూ చర్మానికి మళ్ళీ అలవాటు చెయ్యాలి. నడక కొంచెం కొంచెం పెంచాలి. నొప్పి లేని రోజున ఇల్లంతా కడిగేసి, మర్నాడు మంచమెక్కడం కాదు. ఇన్నాళ్ళు ఆగకుండా మోగిన గంట కదా, చప్పుడుకు ఒళ్ళంతా బెదిరిపోయి ఉంటుంది. దాన్ని నిదానంగా నమ్మించాలి. వీటన్నిటికీ లొంగకపోతే, ఆ నరాన్ని విడిపించే చిన్న ఆపరేషను ఉంది."

"పూర్తిగా పోతుందా?"

"పోతుందని మాటివ్వను. తగ్గుతుంది. మీ రోజు మీ చేతిలోకి వస్తుంది. అదైతే చాలామందిలో చూశాను. మొదట్లోనే, రెండో నెలో మూడో నెలో వచ్చి ఉంటే ఇంకా తేలికయ్యేది."

"మూడో నెలలో రమ్మని నాకెవరు చెప్పారు?" గొంతు లేచింది. "ఎవరైనా చెప్పారా? చెబితే రానిదాన్నా నేను?"

"మీకు ఆపరేషను చేసిన డాక్టరుగారు ఏమన్నారు? తరవాత ఆయన్ని కలిశారా?"

"ఆయన ఊరు వదిలేసి వెళ్ళిపోయాడట. మా ఆయన కనుక్కుని చెప్పాడు."

డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. సంచీలోంచి పాత కాగితం తీసి పేరు చూసింది. "ఈయనా? ఈయన ఎక్కడికీ వెళ్ళలేదే. నిన్న కూడా మాట్లాడాను ఫోన్లో." ఒక్క క్షణం ఆలోచించింది. "కుట్టు ఎలా వేశారో నాకూ తెలియాలి. మీ ముందే అడుగుతాను, మీకు సమ్మతమేనా?"

"గట్టిగా వినపడేలా పెట్టండి."

ఫోన్లో పెద్ద డాక్టరు గొంతు నిండుగా, తీరుబడిగా ఉంది. పేరు చెప్పగానే గుర్తుపట్టలేదు. బస్సు నడిపే ఆవిడ అనగానే గుర్తుపట్టాడు. "ఆఁ, ఆఁ. కుడి కొసన రక్తం ఆగలేదు. నాలుగు కుట్లు లోతుగా వెయ్యాల్సి వచ్చింది. అక్కడ నరం పట్టుకుని ఉండొచ్చని అప్పుడే అనుకున్నాను. మూడో నెలకి కూడా నొప్పి ఉంటే తీసుకురమ్మని చెప్పానే. రాలేదు. తగ్గిపోయిందనుకున్నాను."

"ఎవరికి చెప్పారు సార్?" అంది డాక్టరమ్మ, డ్రైవరమ్మ వంక చూస్తూ.

"వాళ్ళాయనకి. థియేటరు బయట. డిశ్చార్జి రోజున మళ్ళీ చెప్పాను. ఆవిడకి చెబుతానన్నాడు. బుద్ధిమంతుడు, అన్నీ శ్రద్ధగా విన్నాడు."

డ్రైవరమ్మ బల్ల మీదికి వంగింది.

"డాక్టరుగారూ, నేనే మాట్లాడుతున్నాను. ఆ బస్సు నడిపే ఆవిణ్ణి."

"ఓ, మీరక్కడే ఉన్నారా. ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"పొట్ట ఎవరిదండీ?"

"ఏమ్మా?"

"మీరు కోసిన పొట్ట ఎవరిదని అడుగుతున్నాను. నాదా, మా ఆయనదా?"

"మీరప్పుడు మత్తులో ఉన్నారమ్మా. మామూలుగా మేము ఇంట్లోవాళ్ళకి..."

"ఆ మత్తు సాయంత్రానికి దిగింది. మర్నాడు మీరొచ్చి నా మంచం పక్కన నిలబడి, కట్టు చూసి, 'బాగుంది' అని వెళ్ళారు. డిశ్చార్జి రోజున నా ఎదురుగానే నిలబడ్డారు. నాకు చెవులున్నాయి. లారీలు, బస్సులు, మనుషులు, రోడ్డు మీద అందరి హారన్లూ వినే చెవులు. పొట్ట నాది, మాట ఆయనకా?"

తీరుబడి పోయిన గొంతుతో, "మీకు కూడా చెప్పి ఉండాల్సింది" అన్నాడు పెద్ద డాక్టరు. "ఒకసారి మిమ్మల్ని తీసుకురమ్మనండి, నేను చూస్తాను."

"నన్నెవరూ తీసుకురానక్కర్లేదు. రావాలనుకుంటే నేనే వస్తాను. దారులన్నీ నాకు తెలుసు."

డాక్టరమ్మ ఫోను పెట్టేసి ఏదో అనబోయింది. అప్పటికే డ్రైవరమ్మ చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది. "ఇవాళ బరువులెత్తకండి, అక్కడ వేడి కాపడం పెట్టకండి, తిమ్మిరిలో కాలినా తెలీదు," అని వెనకనుంచి వినపడింది. "కోపంలో రోడ్డు కూడా జాగ్రత్తగా దాటండి!"

ఆ కోపంలోనూ ఆమె రోడ్డు జాగ్రత్తగానే దాటింది. ఎటొచ్చీ దారి పొడుగునా పైకే మాట్లాడుకుంటూ నడిచింది. ఎదురొచ్చిన ఒకాయన పక్కకు తప్పుకున్నాడు.

కళ్ళజోళ్ళ షాపు పొడుగ్గా, సన్నగా, రైలు పెట్టెలా ఉంటుంది. రెండు పక్కలా అద్దాల బీరువాలు, వాటిలో వరసలుగా ఫ్రేములు, కొసన అక్షరాల బోర్డు. లోపలికి వెళితే వంద కళ్ళజోళ్ళు ఒక్కసారి మనవంకే చూస్తున్నట్టుంటుంది. గల్లా దగ్గర ఆడపడుచు కూర్చుని గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. మొగుడికి అక్క. పక్క వీధిలో ఉంటుంది, మధ్యాహ్నం పూట షాపు చూసుకుంటుంది. కళ్ళజోళ్ళాయన ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, ఒక కన్ను నల్ల బిళ్ళతో మూసి, "ఇప్పుడు కింద వరస చదవండి" అంటున్నాడు.

"మూడో నెల," అంది డ్రైవరమ్మ గుమ్మంలోంచే.

ఆయన తిరిగి చూశాడు. ఏమిటని అడగలేదు. చేతిలో ఉన్న గాజు బిళ్ళ జారి ట్రేలో పడింది. డ్రైవరమ్మకు ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఏంటి, ఇవాళ డ్యూటీ లేదా?" అంది ఆడపడుచు. "మళ్ళీ నొప్పా?"

"వదినా, మీరు కాసేపు ఊరుకోండి. నేను మాట్లాడేది మీ తమ్ముడితో." అడుగులో అడుగేసుకుంటూ లోపలికి వచ్చింది. "డాక్టరు ఊరు వదిలేశాడన్నారు కదండీ. ఇందాక ఫోన్లో దొరికాడు. నిక్షేపంలా ఉన్నాడు. మీరు బుద్ధిమంతులట. శ్రద్ధగా విన్నారట."

"లోపలికి రా, వెనక గదిలో మాట్లాడుకుందాం," అన్నాడాయన. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెనక గదుల్లో మాట్లాడుకున్నది చాలు. ఇక్కడే చెప్పండి. నరం ఇరుక్కుందని మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"అది మందున్న నొప్పేనని తెలుసా, తెలీదా?"

"తెలుసు. నీకు భయం పుడుతుందని... ఆపరేషను అప్పుడే అయింది. ఇంకో ఆపరేషను అంటే తట్టుకోలేవని, మూడు నెలలు అయ్యాక చెబుదామని."

"మూడు నెలలు అయ్యాయి. ఆరు అయ్యాయి. ఏడాది అయింది. ఎందుకు చెప్పలేదు?"

కళ్ళజోళ్ళాయన నోరు తెరిచి మూశాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడని డ్రైవరమ్మ అనుకుంది. కానీ ఆయన వెతుక్కుంటున్నది నిజాన్నే. దాన్ని ఆయన ఎప్పుడూ పైకి అని ఉండలేదు, అందుకే మాటలు దొరకలేదు.

"నువ్వు ఆ మూడు నెలలు సెలవు పెట్టి షాపులో కూర్చున్నావు," అన్నాడు చివరికి. "సాయంత్రం ఇద్దరం కలిసి షట్టరు దించేవాళ్ళం. కలిసి ఇంటికెళ్ళేవాళ్ళం. పెళ్ళయ్యాక ఎప్పుడైనా అలా వెళ్ళామా? నువ్వు తెల్లారకముందే పోతావు. నేనొచ్చేసరికి నిద్రపోతుంటావు. నొప్పి తగ్గితే మళ్ళీ బండెక్కుతావు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. అలా అలా... చెప్పే వేళ దాటిపోయింది."

ముసలాయన ఒంటి కంటితో ఒకసారి ఆయన్నీ ఒకసారి ఆమెనీ చూస్తున్నాడు.

ఎప్పుడైనా మనసులో ఈ తగువు ఊహించుకుని ఉంటే, అందులో ఆయన మొండికేసేవాడు, అరిచేవాడు. ఇది ఆమె ఊహించలేదు. ఇది అరవడానికి కూడా వీల్లేకుండా ఉంది. అందుకే కోపం ఇంకా లోతుకు దిగింది.

"అంటే నా నొప్పితో నీకు తోడు దొరికింది," అంది.

నీకు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన్ని ఆమె ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. ఆడపడుచు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మొగుణ్ణి పట్టుకుని 'నువ్వు' అంటావా? అదీ బయటివాళ్ళ ముందు!"

"నా పొట్ట గురించి బయటివాళ్ళకే కదా వదినా ముందు తెలిసింది! నాకే ఆఖరున తెలిసింది." మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "నేను మంచం మీద మూడు వంకర్లు తిరిగి పడుకుంటే వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చావు. ఎందుకు నొప్పో తెలిసే తెచ్చిచ్చావు. ఈవిడ నాటకం అంటే తల దించుకుని అన్నం తిన్నావు. తెలిసే తిన్నావు. పోయిన వారం మనసు డాక్టరన్నావు చూడూ, అప్పుడైతే నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నాకు పిచ్చేమో అని. అద్దంలో నా మొహం నేనే ఎగాదిగా చూసుకున్నాను. తెలిసి ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"తప్పే. నాదే తప్పు."

"తప్పంటే ఏంటో తెలుసా? ఎర్ర లైటు పడింది చూసుకోకపోవడం తప్పు. చూసి, ఎదురుగా మనిషిని కూడా చూసి, పోనిచ్చేశావు నువ్వు. దాన్ని మా దగ్గర తప్పు అనరు."

కళ్ళజోళ్ళాయన గోడకు ఆనుకున్నాడు. ఏడుస్తున్నాడో, చెమటో తెలియడం లేదు.

"బాబూ, ముందు నా కన్ను తెరవండి," అన్నాడు ముసలాయన మెల్లగా. "నేను మళ్ళీ వస్తాను."

డ్రైవరమ్మే ముందుకొచ్చి ఆయన మొహం మీంచి ఆ ఇనప ఫ్రేము జాగ్రత్తగా తీసి ట్రేలో పెట్టింది. "ఏమీ అనుకోకండి పెద్దాయనా. మీ చూపుకేం ఫరవాలేదులా ఉంది." ఆయన చేతికర్ర వెతుక్కుని, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఈ లోకంలో నా మాట నమ్మింది మా అమ్మ ఒక్కతే," అంది డ్రైవరమ్మ. "ఒక్క రోజు కూడా నాటకం అనలేదు. స్కాన్ల కాగితాలు అడగలేదు. మీ అందరికీ అద్దాలు కావాలి, ఆవిడకి అక్కర్లేకపోయింది."

ఆ మాటకి కళ్ళజోళ్ళాయన చటుక్కున తలెత్తి, అంతే వేగంగా దించేసుకున్నాడు. ఆమె అది చూసింది. ఏమిటో అర్థం కాలేదు. అడిగేలోపు ఆడపడుచు లేచింది.

"ఇంకేం, అన్నీ మా వాడి నెత్తినే రుద్దు. డిపోలో నిన్ను బండి మీంచి దింపించింది కూడా వాడేనని అను. అనేసెయ్!"

ఆడపడుచు వెటకారానికి అంది. కానీ డ్రైవరమ్మ మనసులో ఆ మాట నాటుకుంది. స్టీరింగు తీసేసి కిటికీ వెనక కూర్చోబెట్టిన రోజున డిపో మేనేజరు కారణం చెప్పలేదు. "కొన్నాళ్ళు విశ్రాంతి అనుకోండమ్మా" అన్నాడు, కళ్ళలోకి చూడకుండా. అప్పటినుంచీ ఆ మనిషిని తిట్టని రోజు లేదు. అసలాయనకి ఎవరు చెప్పారు? బెల్టు ఒరుసుకుంటుందనిగానీ, బండి దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఊపిరి బిగబడతాననిగానీ, ఆమె డిపోలో ఒక్కరికీ చెప్పలేదు.

"అదీ నువ్వేనా?" అంది.

"కాదు." ఈసారి ఆయన తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాడు. "ఒట్టు. డిపో గుమ్మం నేను తొక్కలేదు."

"మరెవరు?"

ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"నీకు తెలుసు," అంది డ్రైవరమ్మ. "ఇది కూడా నీకు తెలుసు. ఎన్ని దాచుకున్నావు ఆ కడుపులో? నా కడుపు కోశారు గానీ, కొయ్యాల్సింది నీది."

అక్కడే నిలబడి ఫోను తీసి మేనేజరుకి కొట్టింది. అవతల బస్సుల రొద, ఎవరో ఎవర్నో వెనక్కి రమ్మని కేకలు. "సార్, ఒక్కటే అడుగుతాను. నన్ను బండి మీంచి దించమని మీకు ఎవరు చెప్పారు?"

రొద తగ్గింది, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నట్టున్నాడు.

"మీరెప్పుడో అడుగుతారనుకున్నానమ్మా. మీకు చెప్పొద్దని మరీ మరీ అడిగారు. నొప్పి మాత్రలు మింగి మత్తులో బండి నడుపుతున్నారని, కళ్ళారా చూశానని చెప్పారు. అంతమాట విన్నాక, వెనక అరవైమందిని ఎక్కించుకునే బండి మీకెలా ఇవ్వను చెప్పండి?"

"నేనా? మత్తులోనా?" డ్యూటీ ఉన్న రోజున ఆమె దగ్గు మందు కూడా తాగదు. నొప్పి కోసం మాత్ర వేసుకుంటే ఎక్కడ కునుకు పడుతుందోనని, బెల్టు కింద గుడ్డ మడత పెట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ నడిపింది. "ఎవరు సార్ ఆ మాటన్నది?"

"బయటివాళ్ళైతే నేను నమ్మేవాణ్ణి కాదమ్మా," అన్నాడు మేనేజరు. "మీ అమ్మగారు."

డ్రైవరమ్మ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని మొగుడి వంక చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆడపడుచు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆ ఇంట్లో మొదటిసారి ఆవిడకి కూడా తెలియని సంగతి ఒకటి బయటపడింది.

డ్రైవరమ్మ షాపు బయటికి వచ్చింది. స్టాపులో నిలబడింది. వచ్చిన బస్సు నడుపుతున్నవాడు తెలిసినవాడే, "ఏంటక్కా, ఇటు?" అన్నాడు. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడింది. బ్రేకు పడ్డ ప్రతిసారీ కుడి పక్క చురుక్కుమంటోంది. డాక్టరమ్మ చెప్పినట్టే మత్తు దిగుతోంది. మిల్లు మళ్ళీ మొదలైంది, ముందు దూరంగా, తరవాత దగ్గరగా.

అమ్మ. చిన్నప్పుడు నాన్న పోతే ఇస్త్రీ బట్టలు మోసి చదివించిన మనిషి. రోజూ పొద్దున్నే ఫోను చేసి, "ఇవాళ ఎలా ఉందే, కొంచెమైనా నయమా?" అని అడిగే ఒకే ఒక్క గొంతు. డ్రైవింగు పరీక్ష ప్యాసైన రోజున స్టీరింగు పట్టుకుని ఫోటో దిగమని దగ్గరుండి పోరుపెట్టిన గొంతు కూడా అదే. ఆ గొంతే వెళ్ళి, కూతురు మత్తులో బండి నడుపుతోందని చెప్పిందా? ఎందుకు?

అమ్మ ఉండే మేడ మెట్లెక్కుతుంటే మంట పూర్తిగా రాజుకుంది. రెండో అంతస్తు మలుపులో ఆగి, సున్నా చుట్టిన చోట అరచెయ్యి అదిమి పట్టుకుంది. ఈసారి మూలగలేదు. తలుపు మీద గుప్పిటితో కొట్టింది, ఒకసారి, రెండోసారి, ఆగకుండా.

గొళ్ళెం తీసిన చప్పుడైంది. అమ్మ తలుపు తెరిచింది. కూతురి మొహం చూసింది, పొట్ట మీద చెయ్యి చూసింది, మళ్ళీ మొహం చూసింది. లోపలికి రమ్మని అనలేదు. నొప్పి ఎలా ఉందని అడగలేదు.

"అల్లుడు చెప్పేశాడా?" అంది.